రెండు జుమాంజీలు, ఒక మాఫీ



మొన్న ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో పెద్ద బహస్ నడిచింది. ఎలక్షన్ల మీద కాదు, చాంద్ కనపడిందా లేదా అన్న దాని మీదా కాదు. 'జుమాంజీ' పాతది బాగుందా, కొత్తది బాగుందా అని. పాతదాని పక్షాన నేనొక్కణ్ణే. కొత్తదాని పక్షాన మా పెద్దోడు, చిన్నది, వాళ్లకు వత్తాసుగా వాళ్ల అమ్మీ. ఓట్లు లెక్కేస్తే నేను ఓడిపోయినట్టే. కానీ ఈ బహస్ వెనక ఇంకో కథ ఉంది. అది కూడా చెప్పుకుంటేనే ఇన్సాఫ్.

పెద్దోడు పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. రిజల్టు రాకముందే వాణ్ణి దూరంగా హాస్టల్ ఉన్న ఇంటర్ కాలేజీలో వేయాలని నేను ఫైసలా చేసేశాను. తెల్లారకముందే లేపి, రాత్రి పది దాటేదాకా చదివించే చోటు. అడ్వాన్సు కూడా కట్టి వచ్చాను. "నేను పోను అబ్బూ" అన్నాడు వాడు. "పోతావు" అన్నాను నేను. "అయితే నీతో మాట్లాడనే మాట్లాడను" అని తలుపేసుకున్నాడు. మూడు రోజులు ఖామోషీ. దస్తర్‌ఖాన్ దగ్గర కూడా "అమ్మీ, అబ్బూని ఆ చట్నీ ఇటు జరపమను" అనేవాడు. నేనేమో వాడికి మూరెడు దూరంలోనే కూర్చుని ఉన్నాను!

మా బేగంకి విసుగొచ్చింది. "ఇద్దరూ ఒక సినిమా అయినా చూడండి, కనీసం ఒకే వైపు మొహం పెట్టి కూర్చుంటారు" అంది. అలా ఒక రాత్రి పాతది, మరుసటి రాత్రి కొత్తది చూశాం.

పాతది 1995లో వచ్చింది. జో జాన్‌స్టన్ తీశాడు. క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ 1981లో పిల్లల కోసం రాసిన బొమ్మల పుస్తకం దానికి మూలం. అమెరికాలో బ్రాంట్‌ఫర్డ్ అనే చిన్న ఊరు, 1969వ సంవత్సరం. అలన్ అనే పిల్లోడు. వాళ్ల నాన్నకు బూట్ల కార్ఖానా. పిల్లోడికి మట్టిలో పూడ్చిన ఒక పెట్టె దొరుకుతుంది. తెరిస్తే లోపల ఆట. పాచిక వేస్తే పలక మధ్యలో రాత కనపడుతుంది. ఆ రాతలో ఏముంటే అది ఇంట్లోకి వచ్చి పడుతుంది. అలన్ పాచిక వేయగానే ఆటే వాణ్ణి మింగేస్తుంది. 26 ఏళ్లు అడవిలో ఉంటాడు. 1995లో వేరే పిల్లలిద్దరు, అమ్మానాన్నలు చనిపోయిన అక్కాతమ్ముళ్లు, ఆ ఇంటికొచ్చి ఆట మొదలుపెట్టాక గడ్డాలు పెంచుకుని బయట పడతాడు. ఆ పెద్ద అలన్‌గా రాబిన్ విలియమ్స్ వేశాడు.

ఈ సినిమా నేను మొదటిసారి చూసింది 1998లో, కడపలో మా ఇంట్లో, కేబుల్‌లో. నాకు పదిహేనేళ్లు. ఇప్పుడు మా పెద్దోడికి ఎంతో, అప్పుడు నాకంత. మా అబ్బా సినిమాలు చూసే మనిషి కాదు. వార్తలు, క్రికెట్, అంతే. ఇషా నమాజు చదువుకుని, అన్నం తిని, చాప మీద నడుం వాల్చేవారు. ఆ రోజు మాత్రం లేచి కూర్చున్నారు. ఎందుకంటే తెర మీద బూట్ల కార్ఖానా. మాది బజార్లో చెప్పుల దుకాణం మరి! బెల్టు మీద బూట్లు వరసగా కదిలిపోతుంటే కళ్లు పెద్దవి చేసుకుని చూశారు. పిల్లోడు తెలియక ఒక బూటు బెల్టు మీద పెడతాడు. మిషను చెడిపోతుంది. పనివాడు ఆ ఇల్జాం తన మీద వేసుకుని కొలువు పోగొట్టుకుంటాడు. అబ్బాకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా "పాపం, వాడి రిజ్‌క్ పోయెనే" అని నొచ్చుకున్నారు.

మా దాదీ సంగతి వేరు. పాచికలు చూడగానే "తౌబా తౌబా" మొదలుపెట్టింది. నర్ద్ ఆటను హదీసుల్లో మందలించారు కదా, అందుకని మా ఇంట్లో పాచిక కనపడకూడదు. లూడో కూడా దాదీ కునుకు తీసేటప్పుడే ఆడేవాళ్లం. తెర మీద వంటగదిలో కోతులు కత్తులు విసురుతుంటే, ఖడ్గమృగాలు గోడ బద్దలు కొట్టుకుని వస్తుంటే, "చూశారా, పాచికలు ఆడితే ఏమవుతుందో" అని దాదీ మాకందరికీ సబక్ చెప్పింది. సినిమా తీసినవాళ్లు కూడా అంత గట్టిగా చెప్పి ఉండరు.

ఆ అడవిలోంచి ఒక షికారీ కూడా వస్తాడు. వాన్ పెల్ట్ అని పేరు. చేతిలో తుపాకీ. వాడికి ఏ జంతువూ వద్దు, అలనే కావాలి. వాడు తెర మీదికి రాగానే అబ్బా ఒక మాట అన్నారు. "ఉనె షికారీ నై రే, ఉస్కా బావాచ్ హై." అందరం నవ్వాం. అబ్బాకు మొహాలు గుర్తుండవు, ఇంగ్లీషోళ్లందరూ ఒకేలా కనపడతారనుకున్నాం. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. జొనాథన్ హైడ్ అనే నటుడే తండ్రి వేషమూ, షికారీ వేషమూ రెండూ వేశాడు. మాటలు అర్థమైన మేం గుర్తుపట్టలేదు. మాటలు రాని అబ్బా పట్టేశారు. కొడుకు వెంట పడేది బయటి దుష్మన్ కాదు. కొడుకు కళ్లలో తండ్రి ఎలా కనపడ్డాడో ఆ తస్వీరే తుపాకీ పట్టుకుని తిరుగుతోంది.

ఈసారి చూస్తుంటే ఇంకొకటి గుచ్చుకుంది. అలన్ మాయమైన రాత్రి వాళ్లింట్లో జరిగింది ఏమిటనుకున్నారు? తండ్రి వాణ్ణి బోర్డింగ్ స్కూలుకు పంపాలని ఫైసలా చేస్తాడు. వాళ్ల ఖాందాన్‌లో మగపిల్లలంతా అక్కడే చదివారట. కొడుకు పోనంటాడు. తండ్రి వినడు. నీతో ఇంక మాట్లాడనని కొడుకు అనేస్తాడు. తండ్రి గుమ్మం దాటి వెళ్లిపోతాడు. ఆ మాట తర్వాతే పాచిక పడుతుంది, ఆ మాట మధ్యలో 26 ఏళ్లు నిలబడిపోతుంది.

పదిహేనేళ్లప్పుడు నేను అలన్ పక్షం. ఇప్పుడు తెర మీద ఆ సీన్ నడుస్తుంటే పెద్దోడు నావైపు తిరగలేదు. నేనూ వాడివైపు తిరగలేదు. ఇద్దరికీ అర్థమైంది. మా బేగం మాత్రం గొంతు సవరించుకుంది.

2004లో నేను మా అబ్బాతో అన్న మాట అలన్ మాటకన్నా చెడ్డది. "మీ దుకాణంలో కూర్చుని జనాల కాళ్లు కొలవడానికి నేను పుట్టలేదు" అన్నాను. అబ్బా ఏమీ అనలేదు. చేతిలో ఉన్న చెప్పుల జతను మళ్లీ డబ్బాలో పెట్టి మూత వేశారు. నెల తిరక్కుండానే కువైట్ వెళ్లిపోయాను. మా కడపవైపు కువైట్ బాట కొత్తది కాదు, కాబట్టి వెళ్లడం పెద్ద విషయం కాదు. వెళ్లే ముందు అన్న మాటే పెద్ద విషయం. అక్కణ్ణుంచి ఫోన్ చేస్తే అబ్బానే ఎత్తేవారు. ఖైరియత్ అడిగి, "లే, తేరీ అమ్మీ సే బాత్ కర్" అని ఇచ్చేసేవారు. 2007లో రంజాన్ పండక్కి వచ్చాను. ఈద్‌గాహ్‌లో నమాజయ్యాక ఇద్దరం మూడుసార్లు గలే మిలాయించుకున్నాం. అబ్బా అత్తరు వాసన ఇప్పటికీ యాదుంది. మాఫీ అన్న ఒక్క మాట మాత్రం నోట రాలేదు. గలే మిలితే చాలదా, అబ్బాకు తెలియదా అనుకున్నాను. 2011లో ఆయన ఇంతెఖాల్ అయ్యారు. మనలో మట్టి ఆలస్యం చేయరు కదా. నేను చేరేసరికి మూడో రోజు.

పాత సినిమాలో అలన్ అడవి నుంచి బయటపడగానే ఊళ్లోకి పరిగెత్తుతాడు. కార్ఖానా మూతపడి ఉంటుంది. కొడుకు కోసం వెతుకుతూ తండ్రి ఉన్నదంతా పోగొట్టుకున్నాడని తెలుస్తుంది. అమ్మానాన్నల సమాధుల దగ్గర నిలబడతాడు. మా పిల్లలకు అది చిన్న సీన్. నాకు మా ఖబ్రస్తాన్ గేటు.

ఇంకా ముందుకు పోతే, ఏడుస్తున్న చిన్న పిల్లోడి మీద అలన్ కసురుకుంటాడు. కసురుకున్న వెంటనే ఆగిపోతాడు. 26 ఏళ్లు అడవిలో గడిపి కూడా చివరికి మా నాన్నలాగే తయారయ్యానే అనుకుంటాడు. నేను కువైట్‌లో గడిపింది ఏడేళ్లే అయినా తేడా ఏమీ లేదు.

ఇక కొత్తది. 'జుమాంజీ: వెల్‌కమ్ టు ద జంగిల్', 2017. మొదటిదానికీ దీనికీ 22 ఏళ్ల తేడా. తీసినవాడు జేక్ కాస్డన్. పలక ఆట వీడియో గేమ్ అయిపోయింది. మొదటిదాంట్లో అడవి ఇంట్లోకి వచ్చింది. దీంట్లో పిల్లలే అడవిలోకి వెళతారు. స్కూల్లో పనిష్మెంట్ పడ్డ నలుగురు. ఆటలోకి వెళ్లగానే ఒళ్లు మారిపోతుంది. బక్కగా, భయంభయంగా ఉండే పిల్లోడు డ్వేన్ జాన్సన్ ఒంట్లో. పొడుగ్గా ఉండే ఆటగాడు పొట్టి కెవిన్ హార్ట్ ఒంట్లో. పొద్దస్తమానం సెల్ఫీలు దిగే పిల్ల నడివయసు లావుపాటి జాక్ బ్లాక్ ఒంట్లో! మా చిన్నది నవ్వి నవ్వి దిండు మీద పడిపోయింది. నవ్వించడంలో కొత్తదే గొప్ప, ఇందులో నాకు జిద్దు లేదు. పాతదాంట్లో కంప్యూటర్ కోతుల్ని చూసి పెద్దోడు "ఇవి కార్టూన్‌లా ఉన్నాయి" అన్నాడు. నిజమే, ఆ కోతులకు వయసు మీద పడింది. లోకం కూడా పిల్లల పక్షమే. పాతది 26 కోట్ల డాలర్ల పైచిలుకు వసూలు చేస్తే, కొత్తది 90 కోట్లు దాటేసింది.

తల్లిదండ్రులకు ఒక మాట. కొత్తదాంట్లో ఒంటి మీద వేసే జోకులు, ముద్దులు కొన్ని ఉన్నాయి. చిన్నపిల్లలతో చూస్తే రిమోట్ చేతిలో పెట్టుకోండి. పాతదాంట్లో ఆ ఫిక్ర్ తక్కువ, కానీ మరీ పసివాళ్లు సాలీళ్లను చూసి జడుసుకోవచ్చు.

కొత్తది పాతదాని ఇజ్జత్ కాపాడింది కూడా. అడవిలో ఒక గుడిసె ఉంటుంది. దాని చెక్క మీద అలన్ పారిష్ పేరు చెక్కి ఉంటుంది. అంతకు మూడేళ్ల ముందు, 2014లో, రాబిన్ విలియమ్స్ ఈ లోకం నుంచి వెళ్లిపోయాడు. చప్పుడు లేకుండా పెట్టిన సలాం అది.

కానీ నా ఫిర్యాదు ఒకటుంది. కొత్తదాంట్లోనూ వాన్ పెల్ట్ ఉన్నాడు. ఒంట్లో పురుగులు పెట్టుకుని తిరిగే విలన్, జాగ్వార్ విగ్రహం కంటి జవాహర్ దొంగిలించినవాడు. అంతే. వాడి మొహం ఎవరి నాన్న మొహమూ కాదు. పాత వాన్ పెల్ట్‌ను చూసి అలన్ సినిమా అంతా పరిగెత్తుతాడు. చివర్లో తుపాకీ ముందు ఆగిపోతాడు. భయంగా ఉంది, కానీ భయపడేదానికి ఎదురు నిలబడాలని మా నాన్న చెప్పాడంటాడు. చూడండి, తండ్రి తస్వీర్ నుంచి కాపాడింది తండ్రి మాటే. అప్పుడే పాచిక ఆగుతుంది, ఆట ముగుస్తుంది, మళ్లీ 1969 వస్తుంది. తండ్రి ఇంటికి తిరిగి వస్తాడు. అలన్ పోయి హత్తుకుని మాఫీ అడుగుతాడు. బెల్టు మీద బూటు పెట్టింది తనేనని సచ్ చెప్పేస్తాడు. ఇష్టం లేకపోతే ఆ స్కూలుకు పోవద్దులే, రేపు మగవాళ్లలా కూర్చుని మాట్లాడుకుందామంటాడు తండ్రి. తండ్రీకొడుకుల్లా మాట్లాడుకుందామంటాడు అలన్.

ఇదే పిల్లలకు చెప్పాను. "మీ సినిమాలో పిల్లలు తమను తాము తెలుసుకుంటారు, దోస్తీ నేర్చుకుంటారు, మంచిదే. కానీ ఇంటికొచ్చాక ఎవరికీ మాఫీ చెప్పాల్సిన పని లేదు. అందుకే నవ్వించి వెళ్లిపోతుంది. పాతది ఇంట్లోనే ఉండిపోతుంది."

మూడు రోజుల తర్వాత పెద్దోడు మొదటిసారి నేరుగా నాతో మాట్లాడాడు.

"అబ్బూ, నీ సినిమాలో వాడు మాఫీ అడగాలంటే టైం వెనక్కి పోవాలి. అది అయ్యే పనా? మా సినిమాలో ఆ అమ్మాయిని చూడు. మూడు లైఫ్‌లలో ఒకటి పోయింది. మిగిలిన రెండింట్లో ఒకటి తీసి, చచ్చిపోతున్న అలెక్స్‌కి ఇచ్చేసింది. అప్పటికప్పుడు. వెనక్కి పోయి కాదు, ఉన్నదాంట్లోంచి."

జవాబు దొరకలేదు నాకు. ఆ అలెక్స్ 1996 నుంచి ఆటలో ఇరుక్కుపోయినవాడు. వాడి కోసం పాడుబడిన ఇంట్లో ఒక ముసలి తండ్రి సినిమా మొదట్లో ఒక్క నిమిషం కనపడతాడు. ఆ అమ్మాయి ఇచ్చిన ప్రాణంతో వాడు ఇల్లు చేరాక, చివర్లో ఆ ఇల్లే దీపాలతో కళకళలాడుతుంది. దీంట్లో తండ్రి లేడని నేను ఇల్జాం వేశాను. ఉన్నాడు. వాకిలి దగ్గర నిలబడి ఉన్నాడు. నేనే చూడలేదు. ఆ సినిమాలోనే ఇంకో మాట కూడా వస్తుంది. ఒక్క లైఫే మిగిలిందని హీరో జంకితే, మనకెప్పుడూ ఉండేది ఒక్కటేగా అంటాడు దోస్తు. ఇది మన మస్జిద్‌లో జుమా బయాన్‌లో వినే మాటే. వీడియో గేమ్ నోట విన్నాను, అంతే తేడా.

ఆ ఆటలో ప్రతివాడికీ ఒక జాబితా ఉంటుంది, బలాలు, బలహీనతలు అని. ఒకడికి కేకు బలహీనత, తింటే పేలిపోతాడు. మా చిన్నది కాగితం తీసుకుని ఇంటిల్లిపాదికీ జాబితాలు రాసింది. అమ్మీ: బలం, ఖీమా. బలహీనత, సీరియళ్లు. అన్నయ్య: బలం, లెక్కలు. బలహీనత, అలక. అబ్బూ: బలం, లతీఫాలు చెప్పడం. బలహీనత, వినడం.

పది నిమిషాలు ఆ కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తర్వాత పెద్దోణ్ణి మిద్దె మీదికి పిలిచాను. ముందు నేనే మాఫీ అడిగాను. "నిన్ను అడక్కుండా అడ్వాన్సు కట్టడం నా గలతీ" అన్నాను. ఈ మాట అనడానికి నా గొంతు ఎంత మొరాయించిందో అల్లాహ్‌కే తెలుసు. వాడు కాసేపు చెప్పు కొనతో గచ్చు మీద గీతలు గీశాడు. తర్వాత వాడూ సారీ అన్నాడు. "ఒక సంవత్సరం ఇక్కడే చదువుతా అబ్బూ. మార్కులు రాకపోతే రెండో సంవత్సరం నేనే పెట్టె సర్దుకుంటా" అన్నాడు. సరే అన్నాను. అడ్వాన్సు ఇంకా వెనక్కి రాలేదు. పోనివ్వండి, 26 ఏళ్లకన్నా చవకే కదా.

2019లో 'ద నెక్స్ట్ లెవెల్' అని ఇంకోటి వచ్చింది. దాంట్లో ఏళ్ల తరబడి మాటల్లేని ఇద్దరు ముసలి దోస్తులు ఉంటారు. ఒకడికి ఇంక ఎక్కువ రోజులు లేవు. దోస్తీ సరిచేసుకోవడానికే వస్తాడు. అంటే కొత్త జుమాంజీ కూడా తిరిగి తిరిగి చివరికి మాఫీ గడపకే చేరింది.

ముకాబ్లాలో నా ఫైసలా అడుగుతారేమో. నవ్వుకోవడానికి కొత్తది చూడండి. ఇంట్లో ఎవరితోనైనా మాటలు ఆగిపోయి ఉంటే పాతది చూడండి, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని. పాతది నాకు మా అబ్బాను చూపించింది. కొత్తది నన్ను చూపించింది.

ఆ తర్వాతి జుమారాత్ అసర్ అయ్యాక ఖబ్రస్తాన్‌కి వెళ్లాను. పెద్దోడు తనంతట తనే వెంట వచ్చాడు. మనకు పాచికలు లేవు, 1969 తిరిగి రాదు. పోయినవాళ్ల కోసం ఔలాద్ చేసే దువా తలుపు అల్లాహ్ తెరిచి ఉంచాడు. ఫాతెహా చదివాను. 2004లో అన్న మాటకు, 2007లో అనని మాటకు, రెండింటికీ మాఫీ అడిగాను, కాస్త గట్టిగానే, పక్కన వాడికి వినపడేలా.

మర్హూమ్ అబ్బా మగ్‌ఫిరత్ కోసం మీరూ దువా చేయండి. ఖుదా హాఫిజ్.